కీ ప్రకారం ఆగవలసిన బస్సు

కదులుతున్న వస్తువు ఎప్పుడు ఆగాలో నిర్ణయించే అధికారం ఎవరిది అన్న ప్రశ్న లోకంలో చాలాకాలం నలిగింది. మా రాష్ట్రంలో మాత్రం తేలిపోయింది. ఆ అధికారం ముగ్గురు సభ్యుల నిపుణుల సంఘానిది. ముగ్గురిలో ఇద్దరిది. మిగిలిపోయిన ఆ ఒక్కణ్ణి నేను. ప్రభుత్వ జూనియర్ కాలేజీలో జుట్టు నెరిసేదాకా ఫిజిక్స్ చెప్పినవాణ్ణి కాబట్టి, బలం, చలనం లాంటి విషయాల్లో నా మాట చెల్లకపోవడమే న్యాయమని పెద్దలు భావించారు.

సంగతి ఇలా మొదలైంది. ప్రజా వాహన సంస్థకు నలభై మంది భద్రతా పర్యవేక్షకులు కావలసి వచ్చారు. బస్సులు క్షేమంగా నడుస్తున్నాయో లేదో చూసుకునే ఉద్యోగం. అందుకు నియామక పరీక్షల మండలి వాళ్లు పరీక్ష పెట్టారు. అందులో ఒక ప్రశ్న ఇది: చదునైన రోడ్డు మీద గంటకు నలభై కిలోమీటర్ల వేగంతో పోతున్న బస్సుకు ఇంజను బలం అందడం ఆగిపోయింది. ఘర్షణ, గాలి నిరోధం లేవనుకుంటే ఆ బస్సు ఏమవుతుంది? కింద నాలుగు జవాబులు. ఒకటి, వెంటనే ఆగును. రెండు, వేగము పెరుగును. మూడు, బయటినుండి వేరొక బలము అడ్డుకొనువరకు అదే వేగముతో పోవును. నాలుగు, వెనుకకు నడుచును.

తొమ్మిదో తరగతి పిల్లవాడు నిద్రలో లేపి అడిగినా మూడు అంటాడు. మండలి విడుదల చేసిన కీలో ఒకటి అని ఉంది.

కీ వచ్చిన మర్నాడు గుమ్మడి ఎస్తేరు మా ఇంటికి వచ్చింది. నా దగ్గర ఇంటర్ చదివింది, ఆ తర్వాత బీఎస్సీ చేసి, రైలు గేటు అవతల ఒక ప్రైవేటు బడిలో సైన్సు టీచరుగా చేస్తోంది. ఆ బడిలో జీతం ఇచ్చే నెలలకన్నా ఇవ్వని నెలలు ఎక్కువ. చెప్పులు గుమ్మం బయట విడిచి, ప్రశ్నపత్రం నా ముందు పెట్టింది.

"సార్, ఇది మూడోదే కదండీ? రాత్రినించీ నాకు నామీదే అనుమానం వస్తోంది."

"అనుమానం నీ మీద కాదమ్మా పడాల్సింది. మూడే."

"కీలో ఒకటిచ్చారండి. ఈ ఒక్క మార్కూ కలిస్తే నలభయ్యో పేరు నాదే. కలవకపోతే నలభై ఒకటో పేరు. నలభై ఒకటో పేరుకి ఉద్యోగం ఉండదు కదండీ."

అభ్యంతరాలు తెలుపుకోవచ్చన్నారు, తెలుపుకుంది. ఆమెతోపాటు మరికొన్ని వేలమంది తెలుపుకున్నారు. వాటిని పరిశీలించడానికి వేసిన సంఘంలో నా పేరు ఉందని కబురు వచ్చినప్పుడు, లోకంలో ఇంకా ధర్మం ఒంటికాలి మీదయినా నిలబడి ఉందనుకున్నాను. ఆ కాలు కూడా విరిచే ఏర్పాటు జరిగిందని సమావేశంలో కూర్చున్నాకగాని తెలియలేదు.

సంఘానికి అధ్యక్షులు ఆచార్య కంభంపాటి గరుడాచలం గారు. ఆయన శాస్త్రం పరిపాలన. సభ్యులు పుండరీకాక్షయ్య గారు వృక్షశాస్త్రం. వృక్షాలతో దీర్ఘకాలం సహవాసం చేసినందువల్లనో ఏమో, గాలి ఎటు వీస్తే ఆయన అటు వంగేవారు. ఆ గదిలో గాలి ఎప్పుడూ అధ్యక్షుల వారి కుర్చీ వైపు నుంచే వీచేది.

నేను నల్లబల్ల తెప్పించాను. బస్సు బొమ్మ గీశాను. బలం చలనాన్ని మారుస్తుంది తప్ప చలనాన్ని మొయ్యదని, కదిలేదాన్ని ఆపాలన్నా మళ్లీ బలమే కావాలని, ఘర్షణ లేదన్నప్పుడు ఆపేది ఏదీ లేదని ఓపికగా చెప్పాను. గరుడాచలం గారు అంతా విని తలపంకించారు.

"మీ వాదనలో పాండిత్యం కలదు వీరాస్వామి గారూ. అయితే అనుభవాన్ని మనం విస్మరించరాదు. మా ఇంట్లో ఫ్యాను స్విచ్చి ఆపుతాము. ఫ్యాను ఆగును. అవునా, కాదా?"

"కాసేపు తిరిగి ఆగుతుందండీ. అది కూడా గాలి, బేరింగు ఆపబట్టి."

"ఆగునా, ఆగదా?"

"ఆగుతుందండీ, కానీ..."

"నమోదు చేయండి. సభ్యులు ఆగునని అంగీకరించారు."

నేను లేచి నిలబడ్డాను. ఇది వేలమంది పిల్లల బతుకు అన్నాను. అప్పుడు గరుడాచలం గారు గొంతు తగ్గించి అసలు సంగతి బయటపెట్టారు. ఈ కీ మంత్రిగారి అమృతహస్తాల మీదుగా విడుదలయింది. వారి చేతుల మీదుగా విడుదలయిన దాంట్లో తప్పు ఉండే అవకాశం లేదు. ఉందని మనం అంటే, ఆ తప్పు పోయి వారి చేతులకు అంటుకుంటుంది. అంటుకున్నది వారు ఎవరికి తుడుస్తారో ఊహించడానికి ఫిజిక్స్ అక్కర్లేదు.

"అయినను నియంతృత్వం మనకు తగదు," అన్నారు ఆయన. "ఓటింగు పెడదాం. భౌతికశాస్త్రం మాత్రం ప్రజాస్వామ్యానికి అతీతమా?"

ఇద్దరు ఒకటి అన్నారు. ఒకడు మూడు అన్నాడు. బస్సు ఆగిపోయింది.

ఎస్తేరు కోర్టుకు పోయింది. నిపుణులు తేల్చిన దాంట్లో తాము వేలు పెట్టబోమని కోర్టు చెప్పింది. నిపుణులు ఎలా తేల్చారో కోర్టుకు తెలియదు. తెలుసుకోవాలంటే మళ్లీ నిపుణుల సంఘమే వెయ్యాలి. నలభై మంది పర్యవేక్షకులు నియామకపత్రాలు అందుకున్నారు. మూడు అని పెట్టినవాళ్లలో ఒక్కరికీ ఉద్యోగం రాలేదు. అంటే, ఇంజను ఆపగానే బస్సు దానంతటదే నిలబడిపోతుందని నమ్మినవాళ్లను ఏరి ఏరి, రాష్ట్రంలోని బస్సుల భద్రతను వాళ్లకు అప్పగించారన్నమాట. గొర్రెల్ని తోడేలుకు అప్పగించారని అనను, తోడేలుకు కనీసం గొర్రె అంటే ఏమిటో తెలుసు.

కథ ఇక్కడితో అయిపోయి ఉంటే, దేశంలో రోజూ జరిగే అన్యాయాల్లో ఇదొకటని ఊరుకునేవాణ్ణి. కానీ మృత్యుంజయరావు గారు ఊరుకోలేదు.

నిట్టల మృత్యుంజయరావు గారు ఆడిటరు. లంచం ముట్టడు, కాఫీ కూడా ముట్టడు. ప్రభుత్వం అచ్చువేసిన ప్రతి కాగితాన్నీ నమ్ముతాడు. లోకంలో ప్రమాదకరమైన మనుషులు ఇద్దరే, ఏ కాగితాన్నీ నమ్మనివాడు, ప్రతి కాగితాన్నీ నమ్మేవాడు. ఆయన ప్రజా వాహన సంస్థ లెక్కలు తనిఖీ చేస్తూ, భద్రతా పర్యవేక్షకుల నియామకం ఫైలు చదివాడు. ఫైనల్ కీ చదివాడు. తర్వాత బ్రేకు లైనింగుల ఖర్చు చదివాడు. రెండూ పక్కపక్కన పెట్టుకుని ఒక ఆడిట్ అభ్యంతరం రాశాడు.

ఇంజను బలము నిలిచినంతనే వాహనము వెంటనే ఆగునని ప్రభుత్వ నిపుణులు నిర్ధారించి యుండగా, ఉన్నత న్యాయస్థానము సైతము అందులో జోక్యము చేసికొనకుండగా, సంస్థ యేటేట బ్రేకులపై చేయుచున్న వ్యయమునకు హేతువేమి? ఈ అనవసర వ్యయమును బాధ్యులనుండి ఏల రాబట్టరాదు?

ఎద్దు ఈనిందంటే దూడను గాటన కట్టెయ్యమన్నాడట వెనకటికొకడు. ఈయన దూడకు మేత ఎందుకు వెయ్యలేదని సంజాయిషీ కూడా అడిగాడు.

సంస్థ ఎండీ గారి పేరు మహేంద్రనాథ్. ఆయనకు బ్రేకు అంటే ఏమిటో తెలుసు, ఎందుకంటే ఆయన కారుకు ఉంది. కానీ ఆడిట్ అభ్యంతరానికి జవాబు రాయాలంటే కీ తప్పని రాయాలి. కీ తప్పని రాస్తే మంత్రిగారి చేతుల దాకా పోతుంది. బ్రేకులు తప్పని రాస్తే ఎవరి దాకా పోదు, బ్రేకులకు మంత్రి లేడు. ఆయన రాత్రంతా ఆలోచించి, తెల్లారేసరికి దాన్ని ఒక పథకం చేసేశాడు. పేరు నిరవరోధ ప్రయాణం. దేశంలోనే మొదటిసారి అన్నాడు. అది మాత్రం నిజమే.

మొదటి విడతగా మా ఊరి డిపోను ఎంచుకున్నారు. మెకానిక్కులు చక్రాలు విప్పి, బ్రేకు షూలు, డ్రమ్ములు, లైనింగులు అన్నీ ఊడదీసి, డిపో మైదానం చివర ప్రహరీగోడ పక్కన గుట్ట పోశారు. పాత ఇనుము కింద వేలం వెయ్యాలని ఉత్తర్వు. ఈ పనిని కొత్త భద్రతా పర్యవేక్షకులు నలభై మందీ దగ్గరుండి పర్యవేక్షించారు. ఒక్క బ్రేకు కూడా పొరపాటున బస్సులో మిగలకుండా చూశారు.

రోడ్డెక్కించే ముందు మంత్రిగారి సమక్షంలో ఒక ప్రదర్శన జరగాలని నిర్ణయించారు. బస్సు నలభై వేగంతో వస్తుంది. మైదానం మధ్యలో సున్నంతో ఒక గీత. గీత దగ్గర డ్రైవరు ఇంజను ఆపి, గేరు న్యూట్రల్ చేసి, చేతులు జోడించి నమస్కారం పెడతాడు. బస్సు ఆగుతుంది. గీతకు అవతల పది అడుగుల్లో రంగు జెండాలు పట్టుకుని బడిపిల్లలు నిలబడి ఉంటారు. ఆగిన బస్సుకు పూలదండ వేస్తారు. గీతకు ఇంత దగ్గరగా ఎందుకని ఎవరో అడిగితే, ఫోటోలో బస్సూ పిల్లలూ కలిసి పడాలని ఎండీ గారు చెప్పారట.

ఆ పిల్లలు ఎస్తేరు బడి పిల్లలు, ఆమె పాఠం చెప్పే ఎనిమిదో తరగతే. ఉచితంగా వచ్చి ఎండలో నిలబడే బడి అదొక్కటే దొరికింది.

నేను నిపుణుల సంఘం సభ్యుణ్ణి కాబట్టి నాకు వేదిక మీద కుర్చీ వేశారు. డిపోలో అడుగుపెట్టేసరికి డ్రైవరు సైదులు బస్సు చుట్టూ ప్రదక్షిణం చేస్తూ కనిపించాడు.

"ఏం సైదులూ?"

"బ్రేకు పెడల్ తొక్కితే కాలు నేల దాకా పోతాంది సార్. అడిగితే 'నువ్వు తొక్కాల్సిన పనే లేదు, శాస్త్రం చూసుకుంటది' అంటన్నారు. శాస్త్రానికి లైసెన్సు ఉందా అనడిగినా. మెమో ఇచ్చారు."

నేను వేదిక మీదికి పోయి గరుడాచలం గారి చెవిలో చెప్పాను. అయ్యా, కీ మాట అటుంచండి, ఆ పిల్లల్ని అక్కణ్ణుంచి తీయించండి, చచ్చిపోతారు అన్నాను. ఆయన పుండరీకాక్షయ్య గారి వైపు చూశారు. పుండరీకాక్షయ్య గారు ఆకాశం వైపు చూశారు.

"వీరాస్వామి గారూ, ఈ అంశంపై ఓటింగు ముగిసినది. ముగిసిన అంశాన్ని వేదికపై తిరగతోడుట సభామర్యాద కాదు. పైగా పిల్లలను జరిపినచో సంఘానికి తన నిర్ణయంపై తనకే నమ్మకం లేదని పత్రికలవారు వ్రాయగలరు."

ఎండీ గారి దగ్గరకు పోయాను. ఆయన మంత్రిగారికి మంచినీళ్ల సీసా మూత తీస్తున్నారు. తీసి, తుడిచి, ఇచ్చి, "కూర్చోండి మాస్టారూ, ప్రోటోకాల్ దెబ్బతింటుంది," అన్నారు. పిల్లల ఎముకల కన్నా ముందు విరిగేది ప్రోటోకాలేనన్న బెంగ ఆ ముఖంలో కనబడింది. అంత చదువుకున్న ముఖం మీద అంత బుద్ధిహీనత నేను అంతకుముందు చూడలేదు. నాకు కంపరం పుట్టింది.

నేను మెట్లు దిగి పరుగెత్తాను. నాకన్నా ముందే ఎస్తేరు అక్కడ ఉంది. మైదానం అవతలి కొసన బస్సు స్టార్టు చేసిన చప్పుడు వినగానే ఆమె పిల్లల ముందుకు వచ్చి నిలబడింది.

"అందరూ నా వెనకాల రండి. పక్కగోడ వారగా. జెండాలు వదిలెయ్యండి."

ఒక పర్యవేక్షకుడు అడ్డుపడ్డాడు. మెడలో కొత్త గుర్తింపు కార్డు. "మేడమ్, పిల్లలు గీత దగ్గరే ఉండాలి. లైను కదిలిస్తే నేను పైకి రిపోర్టు చెయ్యాల్సొస్తుంది."

"ఆ బస్సు ఆగదు బాబూ."

"ఆగుతుంది మేడమ్. పరీక్షలో వచ్చింది. నాకు మార్కు కూడా పడింది."

"అంత నమ్మకముంటే నువ్వు నిలబడు ఇక్కడ," అంది ఎస్తేరు.

అతను గీత వైపు చూశాడు. బస్సు వైపు చూశాడు. తనకు బస్సులో కూర్చునే డ్యూటీ పడిందని గుర్తొచ్చి అటు పరుగెత్తాడు. ఎస్తేరు పిల్లల్ని చేతులు పట్టించి, బస్సు దారికి దూరంగా పక్కగోడ వారకు తోలుకుపోయింది. మైకులో ఎవరో క్రమశిక్షణ, క్రమశిక్షణ అని అరుస్తున్నారు.

బస్సు వచ్చింది. లోపల పర్యవేక్షకులు నలభై మందీ కూర్చుని, కిటికీల్లోంచి చేతులు ఊపుతున్నారు. గీత దగ్గర సైదులు ఇంజను ఆపాడు. నమస్కారం పెట్టలేదు, స్టీరింగు వదల్లేదు. హారను మీద చెయ్యి తియ్యకుండా కూర్చున్నాడు. బస్సు గీత దాటింది. పిల్లలు నిలబడిన చోటు దాటింది, జెండాలు చక్రాల కింద నలిగాయి. స్వాగత తోరణాన్ని నెత్తిన వేసుకుంది. మిఠాయి పొట్లాల బల్లను తనతో తీసుకుపోయింది. చివరికి ప్రహరీగోడ పక్కనున్న గుట్టను గుద్దుకుని ఆగింది.

ఆ గుట్ట బ్రేకులదే. ఎక్కడుంటేనేం, వాటి పని అవి చేశాయి.

బస్సు ఆగింది కానీ లోపలివాళ్లు ఆగలేదు. ఉన్న వేగంతోనే ముందుకు పోయి ముందు సీట్ల కమ్మీలకు గుద్దుకున్నారు. ఎస్తేరు రాసిన మూడో జవాబును నలభై నుదుళ్లు ఒక్కసారిగా రుజువు చేశాయి. బొప్పి కట్టని పర్యవేక్షకుడు లేడు. అందరూ బతికారు, సైదులుకు మోచెయ్యి విరిగింది. పిల్లలు గోడ వారన నోళ్లు తెరుచుకుని చూస్తున్నారు. ఎస్తేరు వాళ్లను లెక్కపెట్టింది. మళ్లీ లెక్కపెట్టింది. తర్వాత నేల మీద కూలబడిపోయి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

విచారణకు సంఘం వేశారు. మళ్లీ మేమే ముగ్గురం. సంఘటనకు మూలకారణం మా నిర్ణయమే కాబట్టి దాని గురించి మాకన్నా బాగా తెలిసినవాళ్లు లేరని ఉత్తర్వులో రాశారు.

ఈసారి గరుడాచలం గారు నివేదిక ముందే రాసుకుని వచ్చారు. కింద పడ్డా పైచెయ్యి మాదే అన్న ధోరణిలో చదివి వినిపించారు.

"ప్రదర్శనమునందు వాహనము ఆగినది. ఇది నిర్వివాదాంశము. కావున కీ సరియైనదేనని ధ్రువపడినది. వెంటనే అను పదమునకు ప్రభుత్వ వ్యవహారమునందు గల విస్తృతార్థము దృష్ట్యా, గోడవరకు ప్రయాణించుటలో జరిగిన స్వల్ప జాప్యము ఉపేక్షింపదగినది. అయితే, ఆ జాప్యమునకు బాధ్యత నిర్ణయించుట అవసరము. నిర్ణీత స్థలమున నిలుపబడిన విద్యార్థులను కుమారి గుమ్మడి ఎస్తేరు అనుమతి లేక తొలగించెను. తన్మూలమున వాహనమునకు ఎదురు ఏదియు లేక, అది తన వేగముతో ముందుకు సాగిపోయెను. విద్యార్థులు తమ స్థానములలో ఉండియున్నచో వాహనము అచ్చటనే ఆగియుండెడిది."

చదవడం అయిపోయి ఆయన మంచినీళ్లు తాగారు. పుండరీకాక్షయ్య గారు అప్పటికే సంతకం పెట్టేశారు.

పిల్లల శరీరాల్ని బ్రేకు లైనింగుల్లా వాడుకోవడం ఒక ఎత్తు, వాడుకోనివ్వనందుకు నింద వెయ్యడం మరొక ఎత్తు. ఈ మనిషి ఇంటికి పోయి అన్నం తింటాడు, నిద్రపోతాడు, మర్నాడు ఇంకో సంఘానికి అధ్యక్షత వహిస్తాడు. నేను కాగితం విసిరికొట్టబోయాను. కానీ అది ఎస్తేరు మెడకు చుట్టుకునే కాగితం, ఆమెకు ముందు తెలియాలి. చదువుకుని రేపు చెబుతానని జేబులో పెట్టుకుని బయటపడ్డాను.

సాయంత్రం బడి వదిలేవేళకు ఆమె దగ్గరకు వెళ్లాను. యాజమాన్యం ఆమెను తీసెయ్యాలనే చూసింది గానీ, ఎనిమిదో తరగతి తల్లులందరూ వచ్చి గేటు దగ్గర బైఠాయించేసరికి మింగలేక కక్కలేక ఊరుకుంది. నివేదిక ఆమె చేతికి ఇచ్చాను. చదివింది. ఆ చివరి వాక్యం దగ్గర ముఖం పాలిపోయింది. తర్వాత వేలు పెట్టి, దాని ముందు వాక్యంతో కలిపి మళ్లీ చదివింది.

"సార్, ఎదురు ఏమీ లేదు కాబట్టి తన వేగంతో పోయిందన్నారు. ఏదన్నా అడ్డుంటే ఆగేదన్నారు. నేను పెట్టిన మూడో జవాబు ఇదే కదండీ."

నేను కాగితం లాక్కుని చూశాను. నిజమే. పిల్లల మీద నిర్దయతో రాసిన ముక్కలో, తమకు తెలియకుండానే చలన సూత్రం మొత్తం రాసేశారు.

"మీరు సంతకం పెట్టండి," అంది.

"నీ మీద చర్య తీసుకోమని ఉందమ్మా ఇందులో!"

"తీసుకోనివ్వండి. మీరు పెట్టకపోతే ఇద్దరి మాటవుద్ది. పెడితే ముగ్గురి మాట. నిపుణులు ముగ్గురూ ఒక్కమాట మీద రాశాక కోర్టు కూడా కాదనదని వాళ్లే కదండీ చెప్పింది."

మర్నాడు సంతకం పెట్టాను. గరుడాచలం గారు నన్ను కౌగిలించుకున్నంత పని చేశారు. "మొత్తానికి దారికి వచ్చారు," అన్నారు. వచ్చాను. ఆ కాగితం నకలు ఒకటి నేరుగా మృత్యుంజయరావు గారి బల్ల మీద పెట్టి వచ్చాను.

ఆయన నమ్మాడు. ప్రతి కాగితాన్నీ నమ్మే మనిషి చేతికి ఒకదాన్నొకటి కొట్టుకునే రెండు ప్రభుత్వ కాగితాలు దొరికితే ఏమవుతుందో చూడాలని నాకు ఎప్పట్నుంచో కోరిక. వారం తిరక్కుండా అభ్యంతరం వచ్చింది. ఎదురు లేనిదే వాహనము ఆగదని నిపుణులు ఏకగ్రీవముగా తేల్చి యుండగా, ఎదురుగా పనిచేయు బ్రేకులను ఊడదీయుటకు హేతువేమి? దీనికి విరుద్ధమైన జవాబునకు మార్కు వేసి నియమించిన నలభై మంది జీతములను బాధ్యులనుండి ఏల రాబట్టరాదు?

బాధ్యులు అనగానే అందరికీ చెమటలు పట్టాయి. బ్రేకులు తిరిగి బిగించారు. వాటిని బ్రేకులనకుండా సంచార ప్రతిబంధక పరికరాలన్నారు, లేకపోతే ఊడదీసిన తప్పు ఒప్పుకున్నట్టవుతుంది. ఎస్తేరు మీద చర్య మాట మెల్లగా వదిలేశారు. పోతే, మార్కు సంగతి. అది తేల్చడానికి మండలి మరో సమావేశం పెట్టింది. మళ్లీ మా ముగ్గుర్నే పిలిచారు. ఎస్తేరును బయట బెంచీ మీద కూర్చోబెట్టారు.

"ఇన్నాళ్లకు కుమారి ఎస్తేరుకు న్యాయం చేయుటకు మండలి సంకల్పించినది," అని మొదలుపెట్టారు గరుడాచలం గారు. "మూడవ జవాబు పెట్టినవారికి ఒక మార్కు కలుపుచున్నాము."

నా గుండె తేలికపడింది. ఆ ఒక్క మార్కుతో ఆమె పేరు నలభైలోకి వస్తుంది. లేవబోయాను.

"కూర్చోండి, పూర్తి కాలేదు. కొందరికి కలిపి కొందరికి కలపకపోవుట వివక్ష అగును. ఒకటవ జవాబు పెట్టినవారు ప్రభుత్వపు కీని విశ్వసించినవారు. విశ్వసించినందుకు వారు నష్టపోరాదు. కావున వారికి ఉన్న మార్కు ఉండగా, వారికి కూడ మరొక మార్కు కలుపుచున్నాము. అందరికీ కలిపినందున ఎవరికీ అన్యాయము జరగలేదు."

ఓటింగు పెట్టారు. ఇద్దరు, ఒకడు.

బయటికి వచ్చి చెప్పాను. ఎస్తేరు విని, చెప్పులు వేసుకుంది. "బడికి టైమవుతోంది సార్, మీరూ రండి, పిల్లలు మిమ్మల్ని చూస్తామంటున్నారు," అంది. వెళ్లాను. ఆ రోజు డిపో మైదానంలో నిలబడిన పిల్లలందరూ బెంచీల మీద ఉన్నారు. ఆమె చాక్‌పీసు తీసుకుని, తన కోపం గొంతులోకి రానివ్వకుండా బోర్డు మీద లెక్క వేసింది.

"రెండు బస్సులు ఒకే రోడ్డు మీద, ఒకే వేగంతో పోతన్నాయి. ఒకటి ముందు, ఒకటి వెనక. వెనకబస్సు వేగం కాస్త పెంచారు. అదే క్షణంలో ముందుబస్సు వేగం కూడా అంతే పెంచారు. వెనకది ముందుదాన్ని ఎప్పుడు అందుకుంటుంది?"

క్లాసంతా వేళ్ల మీద లెక్కలు వేసుకుంది. ముందు బెంచీలో రెండు జడల పిల్ల ఒకతి లేచి నిలబడింది.

"ఎప్పటికీ అందుకోదు టీచర్. ముందుదాన్ని ఎవరన్నా అడ్డం పడి ఆపితే తప్ప."

"కరెక్ట్. కూర్చో," అంది ఎస్తేరు.

తర్వాత మార్కుల పట్టీ తీసి ఒక మార్కు వేసింది. ఆ పిల్లకే వేసింది.